దుప్పటి లోపలి అడవి

ఒక్క మాట అడుగుతాను, తడుముకోకుండా చెప్పండి. ఆసుపత్రిలో మంచం చుట్టూ కట్టే తెరని మీరు ఇన్నాళ్ళూ ఎటువైపు నుంచి చూశారు? బయట నిలబడి, చేతులు కట్టుకుని, బాగుందని తలూపే వైపు నుంచే కదా? లాయరమ్మ కూడా అటునుంచే చూసింది.

లాయరమ్మ లాయరు కాదు. గుడ్డల మీద అచ్చు వేయడానికి బొమ్మలు గీస్తుంది. కాలేజీలో ఏ చర్చకి వెళ్ళినా ఎదుటివాళ్ళ నోరు మూయించి వచ్చేది కాబట్టి ఇంట్లో ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఇప్పుడు పోస్టుమ్యాన్‌కి తప్ప ఎవరికీ అక్కర్లేదు. వాళ్ళ పెద్దమ్మది ప్రింటింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. ఎవరికి ఏ బొమ్మ కావాలన్నా లాయరమ్మ కంప్యూటర్‌లో గీస్తుంది, పెద్దమ్మ మెషిన్ మీద అచ్చేస్తుంది.

ఆ ఇంట్లో పొద్దు అమ్మమ్మతో మొదలయ్యేది. ఆవిడకి మూడు కాలాలూ చలే. తెల్లటి నూలు దుప్పటి ఒకటి నిండా కప్పుకుని, మెట్ల మీద ఎండ పడేచోట కూర్చునేది. ముందురోజు లాయరమ్మ ఏ బొమ్మ గీసి ఉంటే అది తెల్లారేసరికి ఆ దుప్పటి మీద ఉండేది. గుడ్డ అచ్చయి షాపు గడప దాటాక దుప్పటి మళ్ళీ తెల్లబడేది. అందులో వింతేముందని ఎవరూ అడగలేదు. పాలవాడు "ఈసారి గళ్ళా అమ్మా?" అనేవాడు. ఎదురింటి టైలరు కత్తెర చేత్తో పట్టుకునే వచ్చి అంచు తడిమి చూసి వెళ్ళేవాడు. పక్కవీధి ప్రింటింగ్ షాపాయన, అమ్మమ్మ నడకకి వెళ్ళినప్పుడల్లా బొమ్మ చూసి రమ్మని వెనకాలే ఒక మనిషిని పంపేవాడు. అమ్మమ్మే పాపం ఆగి, "వీపు మీద కూడా ఉంది, చూసుకో నాయనా" అని అటు తిరిగి నిలబడేది.

అందరూ చూసేవాళ్ళు, గీసిన మనిషి తప్ప.

ఒకసారి ఎవరో బల్ల మీదికి గులాబీల గుడ్డ అడిగారు. ఆ రోజు పొద్దున్న అమ్మమ్మ, "ఇదేమిటే, నా వీపంతా ఒక్క పువ్వే పట్టింది?" అంది.

"నువ్వు మరీ చిక్కిపోయావు అమ్మమ్మా. తప్పు పువ్వుది కాదు," అంది లాయరమ్మ.

గుడ్డ అచ్చయి వచ్చింది. బల్ల మీద ఒక గులాబీ, పక్కన సగం గులాబీ. అంతే. కంప్యూటర్‌లో అది బొత్తాం అంత ముద్దుగా కనిపించింది మరి. ఒక కాగితం మీద అసలు సైజులో తీసి చూడ్డానికి ఎంతసేపు?

ఇంకోసారి చేపలు. దుప్పటి భుజాల మీంచి కప్పుకుంటే ముందువి హాయిగా ఈదుతున్నాయి, వెనకవి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. "వెనకవి చచ్చిపోయాయే," అంది అమ్మమ్మ. "నువ్వు తిరగేసి కప్పుకున్నావు," అని లాయరమ్మ. టైలరు ఆ గుడ్డని భుజం దగ్గర కోయకుండా మడిచి గౌన్లు కుట్టాడు. వాటిని వేసుకున్నవాళ్ళు ముందు నుంచి చెరువులా, వెనక నుంచి చేపల మార్కెట్‌లా కనిపించారు. ఆ తర్వాత సముద్రమంత నీలం అనుకున్నది గుడ్డ మీద బూడిద రంగుకి తిరిగింది. దుప్పటి మీదా బూడిదే. "వంటింట్లో లైటు బాగాలేదు," అంది లాయరమ్మ.

ప్రతిసారీ వాదనలో ఆవిడే గెలిచింది. గుడ్డలే పాడయ్యాయి.

చివరికి పెద్దమ్మ మెషిన్ ఆపి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చూడు లాయరమ్మా. నీతో మాట్లాడి నేను గెలవలేను, నాకు అంత ఓపిక లేదు. ఇంకొక్క గుడ్డ పాడైతే డిజైన్లు బయట గీయించుకుంటా. నువ్వు కౌంటరు దగ్గర కూర్చుని సంచులు అందిద్దువుగాని."

లాయరమ్మ కౌంటరు వైపు చూసింది. గీయడం తప్ప ఇంకేదీ చేయాలనిపించని మనిషి ఆవిడ.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి పెద్ద నర్సమ్మ వచ్చింది. పిల్లల వార్డు కొత్తగా తెరుస్తున్నారు, మంచాల చుట్టూ తెరలు కావాలి. పల్చటి తెల్ల గుడ్డ, దాని మీద అడవి. లాయరమ్మ అక్కడికక్కడే గీసి చూపించిన ఆకులూ, గింజలు బయటికి కనిపించేలా విచ్చుకున్న కాయలూ చూసి పెద్ద నర్సమ్మ కాస్త నసిగింది.

"బాగానే ఉంది కానీ... పిల్లలకి ఎలా ఉంటుందో."

అంతే, లాయరమ్మ లేచింది. పిల్లలకి ఆకుపచ్చ ఎందుకు మంచిదో, అడవి ఎందుకు హాయో, కాయ ఎందుకు ఆశకి గుర్తో ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పెద్ద నర్సమ్మకి వార్డులో వంద పనులు. "సరేనమ్మా, నీ ఇష్టం," అని సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న అమ్మమ్మ అడవిని కప్పుకుని మెట్ల మీదికి వచ్చింది. పాలవాడు గిన్నె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. టైలరు, "ఈసారి కొట్టావు లాయరమ్మా," అన్నాడు. పక్కవీధి మనిషి రెండుసార్లు వచ్చి చూశాడు. పెద్దమ్మ కూడా దుప్పటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బాగుంది. భోజనాలయ్యాక మొదలుపెడతా," అని గుడ్డ తానుని మెషిన్‌కి ఎక్కించింది.

ఆ ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది. అక్క కూతురు, ఐదేళ్ళది, ఉడుత అంటారు. గవదబిళ్ళలతో దవడలు రెండూ ఉబ్బి నిజంగానే ఉడుతలా ఉంది ఆ వారం. బడికి పంపలేక అక్క ఇక్కడ వదిలి వెళ్ళింది. మధ్యాహ్నం అమ్మమ్మ కిటికీ పక్కన నడుం వాల్చగానే ఇది దుప్పట్లోకి దూరింది. కాసేపటికి లోపల్నుంచి సన్నగా ఏడుపు.

లాయరమ్మ తడిచేయి తుడుచుకుంటూ వచ్చింది. "ఏమైందే? నొప్పిగా ఉందా?"

"కాదు. పిన్నీ, వీళ్ళంతా ఎవరు?"

"ఎవరూ లేరు. తాతమ్మే ఉంది."

"కాదు, పైన. నా వైపే చూస్తున్నారు. పళ్ళు చూపిస్తున్నారు."

"అవి ఆకులు, ఉడుతా."

"ఆకులకి పళ్ళుంటాయా?"

"ఉండవు. కాబట్టి అవి పళ్ళు కావు. కాబట్టి అక్కడ ఎవరూ..."

"మరి నువ్వు చూశావా?" అంది ఉడుత.

లాయరమ్మ నోరు తెరిచింది. ఇన్నేళ్ళ చర్చల్లో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. అమ్మమ్మ కళ్ళు తెరవకుండానే దుప్పటి అంచు పైకెత్తింది. "వాదించకే తల్లీ. వచ్చి పడుకో."

లాయరమ్మ పడుకుంది. కిటికీ ఎండ దుప్పటిలోంచి దిగుతోంది. బయట నుంచి చూస్తే కళ్ళకి ఆనిన ఆకులు ఇక్కడ మసకగా వెనక్కి వెళ్ళిపోయాయి. వాటి మధ్య వదిలేసిన తెల్లటి ఖాళీలు వెలుగుతున్నాయి, రెండేసి రెండేసి, కళ్ళలా. కింద విచ్చుకున్న కాయ నోరు. గింజలు పళ్ళు. కంప్యూటర్‌లో ఆవిడ గీసింది ఒక్క గడి. దాన్నే పక్కపక్కన పేర్చుకుంటూ పొమ్మని కంప్యూటర్‌కి చెప్పింది. ఒక్క గడిలో ముఖం లేదు. గడి పక్కన గడి చేరాకే ముఖం తేలింది. వరస కింద వరస, తల నుంచి కాళ్ళ దాకా, మంచం మీద పడుకున్న పిల్ల వైపు వంగి నవ్వుతున్నారు వాళ్ళంతా.

ఉడుత ఆవిడ వేలు గట్టిగా పట్టుకుంది. "కనిపించారా?"

"కనిపించారు," అంది లాయరమ్మ.

కింద మెషిన్ గుర్రుమంది.

చెప్పులు వేసుకోకుండా మెట్లు దిగింది. అప్పటికే జానెడు గుడ్డ బయటికి వచ్చింది, తర్వాత మూరెడు. లాయరమ్మ చేయి చాపి ఎర్ర బటన్ నొక్కేసింది.

పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇప్పుడేంటి? చెప్పు. ఎవరిది తప్పు? గుడ్డదా, కరెంటుదా, నాదా?"

"పెద్దమ్మా, నువ్వు ఒక్క నిమిషం నేల మీద పడుకోవాలి."

"నేనా?"

"వివరంగా చెప్పమంటే చెప్పగలను. కానీ చెప్తే నేనే గెలుస్తాను. పడుకో."

పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని, గొణుక్కుంటూ సిమెంటు గచ్చు మీద వెల్లకిలా పడుకుంది. లాయరమ్మ మెషిన్ నుంచి వచ్చిన ఆ కాస్త గుడ్డని ట్యూబులైటు కింద పట్టుకుంది.

"అమ్మో," అంది పెద్దమ్మ. ఇంకాసేపటికి, "వీడెవడే, మా మరిది లాగే ఉన్నాడు," అని పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ చేయి చాపింది. "లేపు నన్ను. వార్డు నిండా వీణ్ణి వేలాడదీసేదాన్ని. బతికించావు."

ఆ సాయంత్రం లాయరమ్మ వరసల్ని సగం సగం పక్కకి జరిపింది, కాయల్ని మూసేసింది. ఖాళీలు మిగిలినచోట ఏం పెట్టాలో ఉడుతనే అడిగింది. ఉడుత బాగా ఆలోచించి, "నత్త," అంది. "ఎందుకు?" "అది ఎవరినీ తరమదు."

తెల్లారాక అమ్మమ్మ ఇంకా మెట్ల మీదికి రాకముందే ఇద్దరూ దుప్పట్లో దూరారు. పైన ఆకుల్లోంచి ఎండ. వెలుగుతున్న చోటల్లా ఒక నత్త, తన దారిన తాను పోతోంది. ఉడుత ఎంతసేపు వెతికినా పళ్ళు దొరకలేదు. "బయట కూడా బాగుందా?" అని అడిగింది అమ్మమ్మ. "ఏమో, ఇంకా చూడలేదు," అంది లాయరమ్మ.

తెరలు కట్టిన రోజు పెద్ద నర్సమ్మ బయట నిలబడి చూసి తలూపబోయింది. లాయరమ్మ ఆపేసింది. "ఒక్కసారి లోపల పడుకోండి మేడమ్. ఆ రోజు మీరు అడిగిన ప్రశ్న సరైనది. నేనే మిమ్మల్ని మాట్లాడనివ్వలేదు."

పెద్ద నర్సమ్మ బూట్లతోనే పిల్లల మంచం ఎక్కి కాళ్ళు ముడుచుకుంది. లాయరమ్మ చుట్టూ తెర లాగి బయట నిలబడింది. పెద్దమ్మ గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఎలా ఉంది మేడమ్?"

లాయరమ్మ తెర దగ్గరికి వంగింది.

"మేడమ్?"

పెద్దమ్మ తెర కొంచెం తప్పించి చూసింది. ఆ నత్తల కింద, రాత్రంతా డ్యూటీ చేసి వచ్చిన పెద్ద నర్సమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పెద్దమ్మ చప్పుడు కాకుండా తెర మూసి, లాయరమ్మ చెవి దగ్గరికి వంగింది. "కౌంటరుకి ఇంకెవరినైనా చూసుకుంటాలే. పద, మెల్లగా నడువు."

ఇంటికి వచ్చేసరికి అమ్మమ్మ దుప్పటి తెల్లగా, మల్లెపువ్వులా ఉంది.

మీరు ఏం తయారుచేస్తారో నాకు తెలీదు. గుడ్డే కావచ్చు, గది కావచ్చు, నలుగురి మీద పెట్టే నియమం కావచ్చు. మీ ఇంట్లో అలాంటి దుప్పటి ఉండకపోవచ్చు కూడా. అయినా ఒక పని చేయండి. బటన్ నొక్కేముందు, దాని కింద బతకాల్సిన మనిషి ఎక్కడ పడుకుంటాడో అక్కడికి వెళ్ళండి. నేల మీదైతే నేల మీదే. పడుకుని, పైకి చూడండి.