లాగని కారు

కోదాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే చరితకు నెల రోజులుగా తన కారంటేనే విసుగు. సూర్యాపేటలో ఇంటి దగ్గర బాగానే బయలుదేరుతుంది. హైవే ఎక్కాక యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు. అంతలోనే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఇంజిన్ లైటు వెలుగుతుంది, దానంతటదే ఆరిపోతుంది.

సూర్యాపేట మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. తగ్గలేదని వెళ్తే, "మీరు క్లచ్ మీద కాలుపెట్టి నడుపుతున్నరేమో మేడం. సార్‌ను ఒకసారి నడిపి సూడమనుండ్రి" అన్నాడు. సార్‌కు డ్రైవింగే రాదంటే నమ్మలేదు.

కోదాడ షాపతను స్కానర్ పెట్టాడు. "మీరు ఎంత తొక్కారో ఇంజిన్‌కి చెప్పే సెన్సర్ పోయిందండీ. కొత్తది వేసేస్తాను, ఇంక రాదు." మూడో రోజుకే వచ్చింది. ఈసారి అదే సెన్సర్ ఇంకోటి వేశాడు. అది వారం ఆగింది.

ఆ శనివారం జవాబు పత్రాలు అప్పగించడానికి చరిత మిర్యాలగూడ వెళ్లింది. దామరచర్ల రోడ్డు మీద రైస్ మిల్లు ముందు కారు మళ్లీ మొండికేసింది. వెనక వడ్ల లారీ హారన్ ఆపడం లేదు. నత్తనడకన పక్కకు తీస్తే, ఎదురుగా కార్ల కరెంటు పని చేసే మత్తయ్య షెడ్డు కనబడింది. అరవై దాటిన మనిషి.

కారు లాగట్లేదని చెప్పగానే, "ఇంజిన్ లైటొస్తుందా? సెన్సర్..." అనబోయాడు.

"సెన్సర్ పేరెత్తకండి. రెండుసార్లు మార్చిండ్రు. ప్లగ్గులు మార్చిండ్రు. నాకు నడపరాదని కూడా చెప్పిండ్రు."

"నేనేమనలే బిడ్డా. జర బానెట్ తియ్యి."

సెన్సర్ వైరుకు వోల్టుల మీటర్ తగిలించి, దాన్ని కిటికీలోంచి ఆమె చేతికే ఇచ్చాడు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పమన్నాడు.

"మెల్లగ తొక్కుకుంట నువ్వే సదువు."

"సున్నా పాయింట్ ఆరు. ఒకటిన్నర. మూడు. మూడున్నర."

"సాఫీగ ఎక్కుతుంది. సెన్సర్ మంచిగనే ఉన్నది. కాలు తియ్యకు." వైర్ల కట్టను పట్టుకుని అటూ ఇటూ కదిపాడు.

"సున్నా" అంది చరిత. "మూడున్నర. మళ్లీ సున్నా."

మత్తయ్య వైర్ల కట్ట మీది టేపు కోసి చూపించాడు. బ్యాటరీ కింది ఇనుప పట్టీ దగ్గర వంగి వంగి ఒక వైరు లోపల తెగింది. పైతొడుగు మాత్రం నిక్షేపంగా ఉంది.

"ఇన్ని రోజుల్ల ఒక్కరు కూడా వైరు సూడలేదా?" అంది చరిత.

"వైరు ఎతకాలంటె పూటంత పడ్తది బిడ్డా. సెన్సర్ మార్చుడు పది నిమిషాలు."

పిల్లలకు ఏళ్ల తరబడి సర్క్యూట్లు గీసి చెప్పిన తనకూ ఆ ఆలోచన రాలేదు. ఆ ఉక్రోషమూ అతని మీదకే పోయింది. "నా నెల రోజులు ఎవరిస్తరు?"

మత్తయ్య తెగినచోట టంకం వేసి, తొడుగు ఎక్కించి, వైర్లను పట్టీకి దూరంగా కట్టాడు. ఇద్దరూ వాడపల్లి దాకా వెళ్లొచ్చారు. ఎక్కడా తడబడలేదు, లైటు రాలేదు.

"కోపం సల్లారినంక పో బిడ్డా, రోడ్డు నిండ లారీలున్నయ్" అని చాయ్ తెప్పించాడు.

చరిత స్టూలు మీద కూర్చుని తాగింది. కోపం సగమే తగ్గింది. జవాబు పత్రాలకు అప్పటికే ఆలస్యమైందని లేచి, డబ్బులిచ్చి కారు తీసింది.