చెమట వైద్యం

చెమట పడితే జ్వరం దిగుతుందని మొదట చెప్పిన మహానుభావుడెవరో గానీ, మిర్యాలగూడలో ఆ రైసు మిల్లు కూలీలకు అది వేదవాక్కు. ఒళ్ళు వెచ్చబడితే మాత్ర కంటే ముందు బాయిలరే గుర్తొస్తుంది. స్వర్ణ కూడా అక్కడ బియ్యం ఊడ్చే మనిషే. అందుకే అదే మిల్లులో కూలీ అయిన మొగుడు ఏసుబాబు ఒళ్ళు కాలిపోతూ ముసుగుతన్ని పడుకుంటే దుప్పటి లాగేసింది.

"లే, పోయి బాయిలర్ పక్కన పని చెయ్. చెమట పట్టిందంటే జ్వరం ఖతం!"

పోయాడు పాపం. బాయిలరుకు ఆనుకునే మర. పక్కన మనిషి అరిచినా వినపడనంత మోత. పొద్దుగూకేదాకా ఆ వేడిలో, ఆ మోతలో ఉండి తడిసి ముద్దై ఇల్లు చేరాడు. జ్వరం దిగింది. "సూసినవా, నేన్ చెప్పలే?" అని స్వర్ణ మురిసిపోయి మిరియాల చారు పోసింది.

తెల్లారి చాయ్ తాగుతవా అని అడిగితే వెర్రిచూపు చూశాడు.

"చెవుల్ల ఒకటే గుయ్యిమంటాంది స్వర్ణా. నీ నోరు కదులుతాంది గానీ మాట వస్తలేదు."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. ఇంట్లో బిడ్డ ఇప్పుడిప్పుడే "నాయ్‌నా" అంటోంది. ఆ మాట ఇక వినలేడా ఈ మనిషి? అతన్ని వెంటబెట్టుకుని సూర్యాపేట బస్సెక్కి దారి పొడుగునా యేసయ్యను తలుచుకుంటూనే కూర్చుంది.

అక్కడ చెవుల డాక్టరు మనస్విని పరీక్షలన్నీ చేసి, జరిగింది అడిగి నిట్టూర్చింది.

"మోత ఎట్లాగూ చెవికి చెడ్డదే. ఒళ్ళు కాగుతున్నప్పుడు అదే మోత లోపలి చెవిని ఇంకా ఎక్కువ దెబ్బతీస్తదమ్మా. చల్లబరచాల్సిన మనిషిని బాయిలర్ కాడికి ఎవరు పొమ్మన్నరు?"

స్వర్ణ మొగుడి వైపు చూసింది. వాళ్ళిద్దరి మొహాలు చూసి, అడుగుతున్నది జ్వరం గురించే అనుకున్నాడు ఏసుబాబు. తన గొంతు తనకే వినపడక గది దద్దరిల్లేలా అరిచాడు.

"జ్వరం పోయింది మేడం! మా స్వర్ణ చెప్పినట్టే బాయిలర్ కాడ ఉన్న! గామె లేకుంటే ఏమైపోదునో!"

బయట కూర్చున్న రోగులు లోపలికి తొంగిచూశారు. డాక్టరమ్మకు జవాబు దొరికింది. మందులు రాస్తూ, "కొంత వినికిడి వస్తే రావచ్చు. ఎంతనేది ఇప్పుడే చెప్పలేను," అంది.

"ఏమంటున్నరే?" అన్నాడు ఏసుబాబు.

స్వర్ణ అతని చెవికి నోరు ఆనించి, "నా వల్లనేనయ్యా, నేనే పంపిన," అంది. ఏడుపు కనపడకుండా మొహం అతని భుజానికి ఆనించింది.

ఏదో మంచి మాటే అయి ఉంటుందనుకుని అతను నవ్వుతూ తలూపాడు.