మూతతో నడిచిన పడవ

తెడ్డు పోయిన రోజున జిన్సీ టిఫిన్ డబ్బా మూతతో నీళ్లు తోసుకుంటూ తన చిన్న పడవలో ఇంటి రేవుకు చేరింది. బడి నుంచి వస్తూ బాతుల మందకు దారి ఇవ్వబోయి తెడ్డును జారవిడిచిందట. అది గుర్రపుడెక్క కిందికి పోయి మళ్లీ కనిపించలేదు.

అది వాళ్ల నాన్న ఔసేప్ తెడ్డు. పిడి ఆయన పట్టుకు అరిగి నున్నగా ఉండేది. ఆయన జ్వరంతో పోయి ఇంకా ఏడాది కాలేదు.

తల్లి సోసమ్మ వచ్చి పడవను రేవుకు లాగింది.

"మూతతో ఎంత దూరం వచ్చావే?"

"చర్చి మలుపు నుంచమ్మా. మధ్యలో గుండ్రంగా కూడా తిరిగాను. కావాలని కాదులే."

సోసమ్మకు నవ్వు ఆగలేదు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

బాతులు మేపే కుట్టప్పన్ తన దోనె ఆపాడు. "ఇక చాలు సోసమ్మా. రేపటి నుంచి నువ్వే దింపు. ఈత వస్తే మాత్రం ఇంత పిల్లకు పడవ ఇస్తారా ఎవరైనా?"

"మూతతో ఇల్లు చేరిన పిల్ల, అన్నా. తెడ్డుంటే ఎందాకా పోతుందో చూద్దాం."

అందే గాని, పిల్ల లోపలికి వెళ్లాక పడవ తాడుకు ఇంకో ముడి వేసింది. ఆ ఇంట్లో మిగిలింది వాళ్లిద్దరే.

శనివారం సోసమ్మ ఒక పనస చెక్కా, చిన్న బాడిశా జిన్సీ ముందు పెట్టి, కొత్త తెడ్డు చెక్కుకోమని చెప్పి, తను కొబ్బరి కోరడానికి కూర్చుంది.

"వంకర పోతోందా అమ్మా?"

"నీకేమనిపిస్తోంది?"

"పోతోంది."

"మరి?"

జిన్సీ చెక్కను తిప్పి పట్టుకుంది. లేచి వెళ్లి సరిచేయాలని సోసమ్మకు చేతులు లాగాయి. ఆ రోజు కూరకు కావలసిన దానికంటే ఒక కాయ ఎక్కువే కోరింది.

తెడ్డు పొట్టిగా, వెడల్పుగా తయారైంది.

"దీంతో దోసె తిరగెయ్యాలా, పడవ నడపాలా?" అన్నాడు కుట్టప్పన్.

"రెండూ," అంది జిన్సీ.

సోమవారం జిన్సీ పడవ బడికి కదిలింది. కాసేపటికి సోసమ్మ కూడా పెద్ద పడవ విప్పి, చేపలకని చెప్పుకుంటూ వెనకాలే బయలుదేరింది. మలుపు దగ్గర కుట్టప్పన్ కేకేశాడు.

"ఇవాళ నువ్వూ మేపడానికి వచ్చావా? నీ బాతు ఒకటేగా!"

జిన్సీ వెనక్కి తిరిగింది. "అమ్మా, నువ్వెళ్లిపో. నువ్వు చూస్తుంటే నా పడవ వంకరగా పోతోంది."

సోసమ్మ గట్టు మీంచి నీళ్లపైకి వంగిన కొబ్బరిమట్ట పట్టుకుని పడవ ఆపింది. చిన్న పడవ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగి, తర్వాత తిన్నగా సాగి మలుపు తిరిగింది. పిల్ల పాట మాత్రం కాసేపు వినిపించింది.

సాయంత్రం జిన్సీ పావడా అంచు తడుపుకుని వచ్చి, తెడ్డును నాన్న తెడ్డు ఉండే చోట గోడకు ఆనించింది.

"నూనె పట్టించనా?" అంది సోసమ్మ.

"వద్దు, నేనే పట్టిస్తా."

సోసమ్మ నూనె గిన్నెను తెడ్డు పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.