కూరగాయల పాట

జనవరి ఇరవై ఆరున ఉప్పల్‌లోని ఒక గ్రౌండులో చుట్టుపక్కల కాలనీలన్నీ కలిసి ఆటల పోటీలు పెట్టాయి. ఇంటిల్లిపాదీ రావాలని వారం ముందునుంచీ గ్రూపుల్లో మెసేజులు. నాచారం నుంచి దోర్కా కూడా వెళ్లింది. మనవరాలు గ్రేస్ యాభై మీటర్ల పరుగులో ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. కూతురు ఎస్తేర్, అల్లుడు క్రిస్టోఫర్ షామియానా కింద ముందు వరసలో ఆమెకు కుర్చీ పట్టిపెట్టారు.

దోర్కాకు యాభై ఎనిమిదేళ్లు. ఇరవై ఎనిమిదేళ్లు ఒక బడిలో పిల్లలకు పాటలు నేర్పి, పోయిన ఏడాదే మానేసింది. చర్చిలో క్వయర్ మాత్రం ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

జెండా ఎగరేశాక రెండు దేశభక్తి పాటలు వేశారు. ఆ తర్వాత గ్రౌండంతా డీజే సురేష్ చేతికి వచ్చింది. మనిషంత ఎత్తు స్పీకర్లు నాలుగు. ఆ మోతకు గుండెల్లో దడదడమంటుంటే గీత మీద నిలబడ్డ పిల్లలు పందెం సంగతి మరిచి ఎగరడం మొదలుపెట్టారు.

"ఇప్పుడు మన అమ్మానాన్నల టైం హిట్టు!" అని మైకులో అరిచి సురేష్ ఒక పాత సినిమా పాట వేశాడు.

మాటలు మొదలవకముందు అందులో ఒక ఆడగొంతు సన్నగా రాగం తీస్తుంది. పైకి, ఇంకా పైకి వెళ్లి, అక్కడినుంచి జారుబండ మీద జారినట్టు కిందికి వస్తుంది. నీళ్ల సీసా మూత తిప్పుతున్న దోర్కా చెయ్యి ఆగిపోయింది. అది తన గొంతు. ముప్పై ఏళ్ల కిందటి తన గొంతు.

పాట మొదలైంది. సంతలో కూరగాయల పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ ఆడదాని ఒంటిని వర్ణించే పాట అది. ప్రతి వరస చివరా కోరస్ అమ్మాయిలు "తూకమెయ్ మామ, తూకమెయ్" అంటారు. గ్రౌండులో పిల్లలు ఆ మాట రాగానే చేతులతో తక్కెడ పట్టినట్టు ఆడుతున్నారు. నాలుగో తరగతి మగపిల్లలు నడుం తిప్పుతుంటే తల్లులు ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు.

గ్రేస్ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మమ్మా, సొరకాయ అనంగనే అందరెందుకు నవ్వుతున్నరు?"

దోర్కా నీళ్ల సీసా ఆమె చేతికిచ్చింది. క్రిస్టోఫర్ అప్పటికే లేచి డీజే టెంటు వైపు నడుస్తున్నాడు. నాచారంలో ఒక బిస్కెట్ల కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగం అతనిది. తప్పు కనబడితే ఊరుకోలేడు.

టెంటు దగ్గర కాలనీ సంఘం సెక్రటరీ బాలరాజు అడ్డం వచ్చాడు.

"ఏమైంది సార్?"

"ఏమైందా? ఫ్యామిలీ ప్రోగ్రామని పిలిచి గీ పాటలేంది? చిన్నపిల్లలున్నరు."

"పిల్లలకు అర్థమేం తెలుస్తది సార్? బీట్‌కు ఎగురుతరు. మనం ఎగరలేదా చిన్నప్పుడు?"

పక్కన ఎవరో నవ్వారు. ఇంకెవరో "సార్ చెప్పేది కరెక్టే" అన్నారు. ఇద్దరు ముగ్గురు తల్లులు ఫోన్లు దించి అటు చూశారు. ఈలోగా పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. గ్రేస్ పందెంలో మూడో స్థానంలో వచ్చి ఫైనల్స్‌కు ఎంపికైంది గానీ, ఇంటికి వచ్చేదాకా కారులో ఆ సంతోషం గురించి ఎవరూ మాట్లాడలేదు.

మూడు రోజుల తర్వాత క్రిస్టోఫర్ ఒక ఉత్తరం రాసుకొచ్చాడు. ఫిబ్రవరి రెండో శనివారం జరిగే ఫైనల్స్‌లో పిల్లలకు తగని పాటలు వెయ్యొద్దని కాలనీ సంఘానికి విన్నపం. కింద సంతకాలకు ఇరవై గీతలు గీసి ఉన్నాయి.

"మొదటి సంతకం మీదే అత్తమ్మా. ఇన్నేండ్లు పిల్లలకు పాటలు నేర్పిన టీచరు సంతకం ముందుంటే వాళ్లు కాదనలేరు."

దోర్కా కాగితం రెండుసార్లు చదివింది. "అసభ్యకరమైన గొంతులు" అని ఒకచోట ఉంది. కళ్లద్దాలు తీసి తుడుచుకొని, "రేపు పెడత బిడ్డా" అంది.

ఆ రేపు రెండు రోజులు సాగింది. వంటింట్లో ఉన్నా, క్వయర్ పిల్లలకు పాట చెబుతున్నా మనసు శ్రీనగర్ కాలనీలోని ఒక రికార్డింగ్ థియేటర్ చుట్టూనే తిరిగింది. పంతొమ్మిది వందల తొంభై ఆరు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించే ఎబినేజర్ అన్న మిగతా రోజుల్లో సినిమా పాటలకు వాయించేవాడు. ఒక శనివారం కోరస్‌కు ఆరుగురు ఆడపిల్లలు కావాల్సి వస్తే ఒకామె రాలేదు. "దోర్కా, నీ గొంతు చాలు, వస్తవా?" అన్నాడు. ఆమె భర్త ఏలియా నాచారంలో లేత్ మిషను మీద పనిచేసేవాడు. తోటి పనివాడి స్కూటర్ అడిగి తెచ్చి, రెండేళ్ల ఎస్తేర్‌ను పక్కింట్లో అప్పగించి, ఆమెను వెనక కూర్చోబెట్టుకొని తీసుకెళ్లాడు. తార్నాక దాటాక గాలికి కొంగు ఎగురుతుంటే, "సినిమా యాక్టర్ తీర్గ ఉన్నవే" అని అద్దంలో చూసి నవ్వాడు.

థియేటర్లో చల్లటి ఏసీ. కింద మెత్తటి తివాచీ. చెప్పులు బయట విప్పమన్నారు. మైకు ముందు నిలబెట్టి, "మొదట రాగం ఒకరే తియ్యాలి" అంటే ఎబినేజర్ ఆమెను ముందుకు తోశాడు. దోర్కా కళ్లు మూసుకుంది. చర్చిలో ఈస్టర్ రోజు పాడేటప్పుడు గొంతు ఎక్కడికి వెళ్తుందో అక్కడికే వెళ్లింది. అద్దం వెనక సంగీత దర్శకుడు బొటనవేలు పైకెత్తి చూపించాడు. మాటలు రాసిన కాగితం ఆ తర్వాత ఇచ్చారు. చదివి ఆరుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సిగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పటికే ఆమె రాగం టేపు మీద ఉంది.

ఆదివారం భోజనాలయ్యాక గ్రేస్ ఆడుకోవడానికి వెళ్లింది. దోర్కా ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"క్రిస్టోఫర్, కూసో బిడ్డా. సంతకం పెట్టేముందు ఒక మాట చెప్పాలె. ఆ పాటల మొదటి రాగం నాదే. కోరస్‌ల కూడ ఉన్న."

క్రిస్టోఫర్ నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. ఎస్తేర్ చేతిలోని గిన్నె అలాగే పట్టుకొని నిలబడింది.

"ఏ పాటల? గా కూరగాయల పాటలనా?" అంది.

"అదే."

"నాన్నకు ఎర్కనా?"

"మీ నాయనే తోలుకపోయిండు."

ఎస్తేర్ కుర్చీలో కూలబడి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. క్రిస్టోఫర్ నవ్వలేదు. "ఇన్నేండ్లు చర్చిల ఎవ్వరికీ చెప్పలేదా అత్తమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఎబినేజర్ అన్నకు, మీ మామకు తప్ప ఎవ్వరికీ తెల్వది. ఇద్దరూ పోయిన్రు."

ఏలియా పోయి పన్నెండేళ్లు. పెళ్లి ఆ తర్వాత జరగడంతో క్రిస్టోఫర్ ఆయన్ను ఫోటోలోనే చూశాడు. దోర్కా చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయింది.

"ఎస్తేరూ, నీకు నాలుగేండ్లున్నప్పుడు మీ నాయన కంపెనీల ఆటలు పెట్టిన్రు. తాడు గుంజుడు జరుగుతుంటే మైక్ సెట్టోడు గిదే పాటేసిండు. మీ నాయన తాడు పట్టుకునే ఇటు తిరిగి నన్ను చూసి నవ్విండు. నవ్వంగనే పట్టు జారింది. టీమంత బొక్కబోర్ల పడ్డది. ఓడిపోయినందుకు అందరు తిడుతుంటే ఆయన మన్నుల కూసోని ఇంకా నవ్వుతనే ఉన్నడు. నువ్వు ఆయన భుజం మీదెక్కి 'తూకమెయ్ మామ' అని ఎగిరినవ్."

"నేనా?"

"నువ్వే. మస్తు ఎగిరినవ్."

క్రిస్టోఫర్ ఉత్తరాన్ని తన వైపు లాక్కున్నాడు. "అట్లయితే మీరు సంతకం పెట్టకున్నా ఏం ఫికర్ లేదు అత్తమ్మా. నాకు తెల్వక అడిగిన."

"మొత్తం వినలేదు నువ్వు" అంది దోర్కా.

కంపెనీ ఆటలు జరిగిన మరుసటి ఏడాది, ఆమె బడిలో పాటల టీచరుగా కుదురుకున్న రోజులు. ఐదో తరగతిలో స్వర్ణలత అని ఒక పిల్ల ఉండేది. వయసుకన్నా ముందే ఏపుగా ఎదిగిన పిల్ల. మంచి గొంతు. పాటల క్లాసులో ముందు బెంచీలో కూర్చునేది. ఒకరోజు ఇంటర్వెల్‌లో దోర్కా గది తలుపు తీసేసరికి ఆ పిల్ల హార్మోనియం పెట్టె వెనక ముడుచుకొని ఏడుస్తోంది. బయట వరండాలో మగపిల్లలు "సొరకాయ, సొరకాయ" అని అరుస్తున్నారు. ఒకడు మొదట రాగం తీస్తున్నాడు. మిగతావాళ్లు తూకమెయ్ అంటున్నారు.

"వాని వయసు పదేండ్లు. వానికి అర్థం తెల్వదనుకుందాం. కానీ ఆ పిల్లకు తెలిసింది. వాడు తీసిన రాగం నాది బిడ్డా. నా లెక్కనే తీసిండు, చివరికి జారుడు కూడ. పోరగాళ్లను కొట్టిన, హెడ్మాస్టర్ దగ్గరికి పట్టుకపోయిన. ఏం లాభం? ఆ పిల్ల మళ్ల ముందు బెంచీల కూసోలే. పాడలే కూడ. తెల్లారి ఎబినేజర్ అన్న ఇంకో పాటకు పిలిస్తే రానని చెప్పిన."

ఎస్తేర్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఎగిరితే నువ్వేం చెడిపోలే. నీకు ఆ పాటంటే మీ నాయన భుజం. నాకూ అంతే. ఇప్పుడు విన్నా ముందు ఆయనే యాదికొస్తడు, అబద్ధమెందుకు? కానీ స్వర్ణలతకు అది వేరే." దోర్కా కలం తీసుకుంది. "ఈ 'అసభ్యకరమైన గొంతులు' అన్నది కొట్టెయ్. గొంతులేం చేసినయ్? మాటలని రాయ్."

క్రిస్టోఫర్ ఆ మాట కొట్టేశాడు. దోర్కా మొదటి గీత మీద సంతకం చేసింది.

ఉత్తరం పట్టుకొని ఇద్దరూ కలిసే బాలరాజు దగ్గరికి వెళ్లారు. అప్పటికి పద్నాలుగు సంతకాలు. వాటిలో రెండు, ఆ రోజు వీడియోలు తీసిన తల్లులవి. బాలరాజు కళ్లద్దాల పైనుంచి చదివి నిట్టూర్చాడు.

"కాదంటలేను టీచరమ్మా. కానీ పిల్లలకు సప్పగుంటే మళ్లొచ్చే ఏడు ఒక్కరు రారు. గ్రౌండ్ల జోష్ ఉండాలె. మీరే వచ్చి సురేష్ పక్కన కూసోండ్రి. మీరు ఊ అన్న పాటే వేస్తడు. సరేనా?"

సరే అనక తప్పలేదు.

ఫైనల్స్ రోజు దోర్కా ఎనిమిదింటికే డీజే టెంటులో కూర్చుంది. పని అనుకున్నంత తేలిక కాలేదు. ఆమె ఎంచిన మొదటి రెండు పాటలకు పిల్లలు కదలలేదు. మూడోదానికి ఒక పిల్లవాడు వచ్చి, "టీచర్, గిది ప్రేయర్‌ల పెట్టే పాట కదా?" అన్నాడు. సురేష్ ముసిముసిగా నవ్వాడు. అతనికి పాతికేళ్లుంటాయి. బోడుప్పల్ నుంచి స్పీకర్లు ఆటోలో వేసుకొని వస్తాడు. క్రిస్టోఫర్ వెనక నిలబడి ప్రతి పాటా ముందే వింటుంటే చిరాకు పడి మిషను మీదనుంచి చేతులు తీసేశాడు.

"అన్నా, నువ్వు గిట్ల నెత్తి మీద నిలబడితే నాతోని కాదు."

"క్రిస్టోఫర్, నువ్వు పోయి తండ్రుల పరుగుల పేరియ్యి" అని దోర్కా అతన్ని పంపించేసింది. తర్వాత సురేష్ వైపు తిరిగింది. "నాకు ఈ కాలం పాటలు తెల్వవు నాయనా. నీ దగ్గర మాటల్లేకుండ ఒట్టి డప్పులున్నయా?"

సురేష్ ముఖం వెలిగింది. "ఉన్నయ్ మేడం. మా మామ బిక్షపతి బ్యాచ్‌తోని కొట్టించి నేనే రికార్డు చేసిన. బోనాలకు, పెండ్లి బరాత్‌లకు వేస్త."

అది వేయగానే గ్రౌండు మారిపోయింది. కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ల కాళ్లు కూడా కదిలాయి. గీత దగ్గర గ్రేస్ రెండు జడలు ఎగురుతుండగా గంతులేస్తోంది. మైకు దగ్గర బాలరాజు దూరం నుంచే చెయ్యెత్తి దోర్కాకు సలాం పెట్టాడు.

పందేనికీ పందేనికీ మధ్య ఖాళీలో సురేష్ కొంచెం మొహమాటంగా అడిగాడు. "మేడం, ఎస్తేరక్క చెప్పింది. ఆ రాగం మీదేనట కదా? ఇప్పుడు పాటల నుంచి గొంతులొక్కటే వేరు చేయొచ్చు. మీకోసం చేసిపెట్టిన. బయటికి రాదు, మీకొక్కరికే వినవడ్తది."

హెడ్‌ఫోన్ చేతికిచ్చాడు. దోర్కా ఒక్క క్షణం తటపటాయించి చెవులకు పెట్టుకుంది.

వాయిద్యాలు లేవు. ముందు చిన్న శ్వాస వినిపించింది. తన శ్వాసే, భయంతో పీల్చుకున్నది. తర్వాత రాగం లేచింది. ఎంత తేలిగ్గా వెళ్తోంది పైకి! ఇప్పుడు క్వయర్‌లో ఆ స్థాయిని చిన్నపిల్లలకు వదిలేసి తను కింద పాడుతుంది. కళ్లు మూసుకుంటే థియేటర్ బయట స్కూటర్‌కు ఆనుకొని, చల్లారిన చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడ్డ ఏలియా కనిపించాడు. బయటికి రాగానే అతను అడిగిన మొదటి మాట, "గొంతు నొచ్చిందా?" అని.

రాగం జారి కిందికి వచ్చింది. మాటలు మొదలవబోతుండగా దోర్కా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"సాలు నాయనా."

"ఫోన్‌కు పంపాల్నా మేడం?"

"రాగం వరకు కోసి పంపు" అంది. కళ్లు తుడుచుకొని గ్రౌండు వైపు చూసింది. ఎనిమిదేళ్ల ఆడపిల్లలు తెల్లగీత మీద వంగి నిలబడ్డారు. చివరన గ్రేస్, నోరు గట్టిగా బిగించుకొని. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"డప్పు పెట్టు సురేషూ, జల్ది. పిల్లలు ఉరుకుతున్నరు."