రంగు పోయిన డాక్టర్లు

గున్నయ్య ఒక్కొక్క డాక్టరు మెడలోంచి దండ తీసేస్తున్నాడు. మౌసు మీద వేళ్లు ఉబ్బి ఉన్నాయి. పాదాలూ అంతే, చెప్పులు విడిచి చల్లటి గచ్చు మీద ఆనించుకున్నాడు. కిడ్నీలు పాడయ్యాయని తెలిసి ఏడాదైంది. ఉద్దానంలో అదొక వార్త కాదు.

కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మీది గది వైద్యుల సంఘం ఆఫీసు. సంఘం వెబ్‌సైటును విశాఖ ఇంజనీరు కొత్తగా కడుతున్నాడు. సభ్యుల ఫొటోలు ఎక్కించడం గున్నయ్య పని. చందా కట్టనివాళ్ల ఫొటోలు వాటంతటవే నలుపు తెలుపుకు మారేలా ఇంజనీరు ఏర్పాటు చేశాడు. ఆ సంగతి గున్నయ్యకు చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచదు.

అంతకుముందు గున్నయ్య సోంపేటలో ఫొటో స్టూడియోలో ఉండేవాడు. పెళ్లి గ్రూపు ఫొటోలోంచి పోయినవాడి తల కత్తిరించి, పెద్దది చేసి, నుదుట బొట్టు దిద్ది, బంతిపూల దండ వేసేవాడు. ఆ చేతికి వేరే అలవాటు లేదు. రంగు పోయిన డాక్టర్లందరికీ శ్రద్ధగా దండలు వేశాడు.

పొద్దున్నే కార్యదర్శి ఫోను చేసి దండలు తీసేయమన్నాడు. కవిటి నుంచి డాక్టరు తారకేశ్వరరావు వస్తున్నాడు, గున్నయ్యను ఉంచాలో తీసేయాలో ఆయనే చెప్తాడు అన్నాడు. ఈ ఒంటితో గున్నయ్యకు ఇంకెవరూ పని ఇవ్వరు.

తారకేశ్వరరావు మెట్లెక్కి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏటి గున్నయ్యా, నన్నెప్పుడు సంపేసినావు?"

గున్నయ్య లేచి నిలబడ్డాడు. "రంగు లేకపోతే పోయినారనుకున్నాను బాబూ."

"మా ఊరోడొకడు ఇంటర్నెట్టులో సూసి పరామర్శకొచ్చినాడు. ఎదురుగా నేనే కూకున్నాను. ఏడుపాపి, ఎలాగూ ఉన్నారు గదా, బీపీ సూడండన్నాడు."

గున్నయ్య నవ్వలేదు. "పని తీసేత్తారా బాబూ?"

డాక్టరు అతని పాదాల వైపు చూశాడు.

"కూకో. దండ బాగానే ఏసినావు, మా ఆవిడకి తెగ నచ్చింది. ఆఫీసు పేజీలో ఆ కాళీ గడి ఏటి?"

"ఆఫీసు మనిషి ఫొటోకట. ఎవరిదో ఇంకా తేల్లేదు."

"నీదెట్టు. కార్యదర్శికి నేను సెప్తాను."

ఊరందరినీ తీసినవాడికి సొంత ఫొటో ఒక్కటి లేదు. డాక్టరు వెళ్లాక తల దువ్వుకుని, మెడ దగ్గర బొత్తాం పెట్టుకుని, వీధి చివర స్టూడియోకు వెళ్లాడు. ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

సాయంత్రం ఊడ్చడానికి ఎర్రమ్మ వచ్చింది. అతను బల్ల మీద తల ఆనించి ఉన్నాడు.

"కాళ్లు తియ్యి మావా," అంది.

కొంచెం ఆగి, చీపురు కింద పెట్టి, భుజం తట్టింది. రెండోసారి తట్టలేదు.

పక్కన స్కానరు మూత తెరిచే ఉంది. అద్దం మూలకు అంచులు సరిగ్గా ఆనించి, పాస్‌పోర్టు ఫొటో ఒకటి బోర్లా పెట్టి ఉంది.