లీసెస్టర్‌లో మృగశిర కార్తె

పొద్దున మొగిలయ్య కుడి భుజం మీద ఉన్న గడ్డ మధ్యాహ్నానికల్లా మెడ మీదికి నడిచి వచ్చింది.

డాక్టర్ కస్తూరి పొద్దున దాని చుట్టూ నీలం పెన్నుతో గుండ్రంగా గీసి వెళ్లింది. గీత గీసిన చోటే ఉంది. అందులో గడ్డ లేదు. జానెడు పైకి పోయి, చెవి కింద తీరిగ్గా కూర్చుంది.

"నొప్పిగా ఉందా అంకుల్?"

"నొప్పి లేదు డాక్టరమ్మా. దురద. లోపట ఎవలో నడుస్తున్నట్టు అనిపిస్తాంది."

మొగిలయ్య లీసెస్టర్‌లో సిటీ బస్సు నడుపుతాడు. పక్కన కుర్చీలో ఉన్న ఆయన భార్య బాలమణి తల తిప్పకుండానే అంది, "నువ్వెన్నడన్న నాలుగడుగులు నడిస్తివా? అదన్న నడవనియ్యి."

అలా అన్నదే గానీ ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. రెండు రోజుల నుంచి ఆమె ఆ కుర్చీ వదల్లేదు.

కస్తూరి గడ్డ చుట్టూ రెండో గీత గీసి, పక్కన టైము వేసింది. చెవి నుంచి కంటికి ఎంత దూరమో మనసులోనే కొలుచుకుంది.

ఆ గడ్డ లోపల ఉన్నదేమిటో ఆమెకు తెలుసు. మూడు మిల్లీమీటర్ల పురుగు. తల చుట్టూ నాలుగు వరుసల ముళ్లు. రెండు వారాల క్రితం రఘు అనే ముప్పై ఒక్కేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడి మెదడులో పోస్ట్‌మార్టం చేసినవాళ్లకు అది దొరికింది. చనిపోవడానికి రెండు రోజుల ముందు రఘు తలనొప్పి అంటూ ఎమర్జెన్సీకి వచ్చాడు. ఆ రోజు డ్యూటీలో ఉన్నది కస్తూరి. పారాసిటమాల్ రాసి, నీళ్లు బాగా తాగమని చెప్పి ఇంటికి పంపింది. పోస్ట్‌మార్టం రిపోర్టు మూడు పేజీలు. ఆమె దాన్ని పదకొండు సార్లు చదివింది.

ఆగ్నేయాసియా వైపు మంచినీటి చేపల్లో ఉండే పురుగు అది. చేపను ఉడికిస్తే చస్తుంది, పచ్చిగా లోపలికి పోతే బతుకుతుంది. మనిషి ఒళ్లు దానికి కొత్త ఊరు. దారి తెలియదు. తిరుగుతూనే ఉంటుంది. చర్మం కిందికి వస్తే గడ్డ, కంట్లోకి పోతే చూపు పోవడం, మెదడులోకి పోతే రఘు. మందు లేకపోలేదు. మూడు వారాలు మాత్రలు వేస్తే చాలామంది బయటపడతారు. కానీ ఎవరికి వెయ్యాలి? ఇంకా ఎంతమంది ఒంట్లో అది తిరుగుతోందో, వాళ్లెక్కడున్నారో ఎవరికీ తెలియదు. కస్తూరికి పట్టుకున్న భయం అదొక్కటే. ఇంకొకరు తలనొప్పి అంటూ వస్తారు, ఇంకొకరు పారాసిటమాల్ రాసి పంపిస్తారు.

దేశం మాత్రం పచ్చి చేపతో చేసే సుషీ మీద పడింది. పేపర్లు రాశాయి. ఊళ్లో రెండు సుషీ దుకాణాలు మూతపడ్డాయి. మూడో దుకాణం ఓనరు టీవీ వాళ్ల ముందు తన చేప తనే తిని చూపించాడు. పాపం, ఆయన్ని ఎవరూ నమ్మలేదు. రైల్వే స్టేషన్లో సాండ్విచ్‌లు అమ్మేవాళ్లు గుడ్డు సాండ్విచ్ మీద కూడా 'ఇందులో చేప లేదు' అని చీటీ అంటించారు.

ఈ గొడవ తేల్చడానికి వేసిన కమిటీలో అందరికన్నా పెద్ద తలకాయ డాక్టర్ రఘువీర్. ఊపిరితిత్తుల విభాగం పెద్ద. ఆ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ల సర్వీసు. కస్తూరిని ఇంటర్వ్యూ చేసి తీసుకున్నదీ ఆయనే. చుట్టుపక్కల తెలుగువాళ్లలో దగ్గు వచ్చినవాడెవడూ ఆయన ఇంటి గుమ్మం ఎక్కకుండా లేడు. "కాలువల్లో పెద్ద రొయ్యల్లాంటివి పెరుగుతున్నాయి కదా, మనవాళ్లు పట్టుకుని సరిగ్గా ఉడకకుండా తింటున్నారేమో చూడండి" అని ఆయనే సలహా ఇచ్చాడు. హెల్త్ ప్రొటెక్షన్ వాళ్లు నాలుగు రోజులు కాలువలో వలలు వేశారు. రెండు సైకిళ్లు, ఒక సూపర్‌మార్కెట్ ట్రాలీ దొరికాయి.

జబ్బుపడ్డవాళ్లకు పద్నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. 'మూడు నెలల్లో పచ్చి చేపగానీ సగం ఉడికిన చేపగానీ తిన్నారా?' అన్నది ఆరో ప్రశ్న. రఘు రూమ్మేట్ లేదన్నాడు. మొగిలయ్య లేదన్నాడు. పై వార్డులో తొడ మీద గడ్డతో చేరిన నాగేశ్వరి పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు ముట్టని మనిషి. ఆవిడ 'లేదు' అన్న గడిలో కాగితం చిరిగేలా టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం భోజనాల బండి వచ్చింది. బండి తోసుకొచ్చే ఆవిడ మొగిలయ్యను పెరుగు కావాలా అని అడిగింది. వద్దన్నాడు. బంగాళాదుంప? వద్దన్నాడు. బాలమణి సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. అన్నం, ఎండు మామిడి ముక్కల పచ్చడి. అంతే.

కస్తూరి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. నిన్న నాగేశ్వరి కూడా పెరుగు వద్దంది. గుంటూరు మనిషి, శాకాహారి, పెరుగన్నం వద్దనడం కస్తూరి తన సర్వీసులో చూడలేదు. జ్వరం వల్ల నోరు చేదుగా ఉందేమో అనుకుని వదిలేసింది.

వెనక్కి వచ్చింది. "పథ్యమా ఆంటీ?"

బాలమణి మొగుడి వైపు చూసింది. మొగుడు కిటికీ వైపు చూశాడు.

"ఎన్ని రోజులు?"

"నలభై అయిదు" అంది బాలమణి. "ఇంక అయిదున్నయి."

కస్తూరి వేళ్ల మీద నలభై రోజులు వెనక్కి లెక్కపెట్టింది. జూన్ ఎనిమిది. రాజమండ్రిలో ఆ రోజు వాళ్లమ్మ చేపల పులుసు పెట్టకుండా ఊరుకునేది కాదు.

"మృగశిర. అంకుల్, మీరు ఉబ్బసానికి చేప మందు మింగారు."

మొగిలయ్య దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు.

"బతికున్న చేపపిల్లని, దాని నోట్లో మందు పెట్టి, గొంతులోకి..."

"బయట జెప్తె మందు పని జేయదన్నరు డాక్టరమ్మా."

"ఫారంలో చేప తిన్నారా అని అడిగితే లేదని రాశారే!"

"అది కూర గాదు గద! మందు. మందులకు వేరే గడి ఉండె. ఆడ ఇన్‌హేలర్ అని రాసిన."

"సచ్చిపోయేటట్టున్నవ్, ఇంక ఏం పని జేస్తదని దాస్తవ్?" అని బాలమణి అరిచింది. పక్క మంచం తెల్లాయన పేపరు దించి చూశాడు. ఆమె కస్తూరి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "బర్త్‌డే పార్టీ అని జెప్పి హాలు దీస్కున్నరమ్మా. మందు సుబ్బరాజు సార్ ఇచ్చిండు. పైస గూడ దీస్కోలె. మస్తుమంది వచ్చిండ్రు. హారో నుంచి రెండు కార్లు, బేసింగ్‌స్టోక్ నుంచి ఎవలో మొగుడు పెండ్లాం. అందరికీ నంబర్ ఇచ్చిండ్రు."

సంచి అడుగు నుంచి చిన్న అట్టముక్క తీసింది. దాని మీద 17 అని ఉంది. దాంతోపాటు తెల్లటి ప్లాస్టిక్ గొట్టం కూడా. ఊదితే ఊపిరి బలం ఎంతో ముల్లు జరిగి చూపించే గొట్టం.

"ఐతారం ఐతారం ఇది ఊది, ఎంతొచ్చిందో ఫోన్ల పంపాలె. లేకుంటే పంపమని మెసేజ్ వస్తది."

"ఎవరి నుంచి?"

"పేరుండది. నంబరే."

కస్తూరి గొట్టాన్ని తిప్పి చూసింది. అడుగున ఆకుపచ్చ స్టిక్కరు సగం గోకి ఉంది. ఆమె దాన్ని కోటు జేబులో వేసుకుని, పై వార్డుకు మెట్లెక్కి వెళ్లింది.

నాగేశ్వరి ఒప్పుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది, ఏడవడానికి పది. "నాకు బెల్లంలో పెట్టి ఇమ్మన్నానండీ. నీకు బేసి నంబరు వచ్చిందమ్మా, చేపే వేసుకోవాలి, మందే కదా అన్నారు. కళ్లు మూసుకున్నాను. మా ఆయనకి చెప్పకండి."

సాయంత్రం నాలుగింటికి కస్తూరి సుబ్బరాజు ఇంటికి వెళ్లింది. ఆయన భీమవరంలో పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. పెరట్లో ప్లాస్టిక్ పాకలో గోంగూర కోస్తున్నాడు.

"రామ్మా డాక్టరు గారూ! ఈ దేశంలో గోంగూరకి పులుపెక్కదమ్మా, చూడు, ఆకేమో అరచెయ్యంత..."

"చేపలు ఎక్కడివి అంకుల్?"

సుబ్బరాజు చేతిలో గోంగూర చేతిలోనే ఉంది. "ఏ చేపలండీ?"

"మృగశిర రోజు మీరిచ్చినవి."

"అయ్యబాబోయ్. నేను చేతిలో పెట్టానంతేనమ్మా. చేపలు పెట్టెలో వచ్చాయి. మందు ముద్ద మాత్రం నేనే నూరాను. అల్లం, ఇంగువ, పసుపు. దాంట్లో తప్పేముంది?"

"పెట్టె ఎవరిది?"

"చెప్పనని మాటిచ్చానండీ."

"రఘు అనే అబ్బాయి చచ్చిపోయాడు అంకుల్. ఆ చేపలో ఉన్న పురుగు వల్ల."

ఆయన అక్కడున్న బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "బక్కగా, కళ్లజోడు పెట్టుకుని... ఆ అబ్బాయేనా? మందు మింగి నా కాళ్లకి దణ్ణం పెట్టాడమ్మా. వద్దు బాబూ అంటే కూడా వినలేదు." చేతిలో గోంగూర కింద పెట్టి, "గుండెపోటని చెప్పారు నాకు" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

సుబ్బరాజు కింద రాలిన ఆకులు ఏరడం మొదలుపెట్టాడు.

"మింగినవాళ్ల పేర్లు కావాలి. ఈ రోజే కావాలి."

"నా దగ్గర లేవమ్మా, ఒట్టు. నంబర్లన్నీ ఆయనే వేశాడు. బేసి నంబరైతే చేప, సరి నంబరైతే ఉత్త బెల్లం ముద్ద. అదేంటండీ, వచ్చినవాళ్లందరికీ చేపే ఇద్దాం, పుణ్యముంటుంది అన్నాను. కాదు సుబ్బరాజు గారూ, సగం మందికి ఇవ్వకపోతే పోల్చి చూడ్డం ఎలాగ అన్నాడు."

పుణ్యం కోసం చేసేవాడు పోల్చి చూడడు. కస్తూరి జేబులోంచి గొట్టం తీసి ఆయన ముందు పెట్టింది. ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించిన గొట్టాలు ఆసుపత్రిలో ఒకే ఒక్క అలమరలో ఉంటాయి. ఆ అలమర ఏ గదిలో ఉందో ఆమెకు తెలుసు.

"ఆయనకు చెప్పకండి, నేను వెళ్తున్నట్టు" అంది.

"నేను పేరు చెప్పలేదు కదమ్మా?" అన్నాడు సుబ్బరాజు ఆశగా.

"చెప్పలేదు."

అయిదున్నరకు డాక్టర్ రఘువీర్ తన గదిలో టీలో బిస్కట్టు ముంచుకుంటున్నాడు. కస్తూరి తలుపు తట్టకుండా లోపలికి వెళ్లి, టేబుల్ మీద అట్టముక్క పెట్టింది. పక్కన గొట్టం పెట్టింది. బిస్కట్టు విరిగి టీలో పడింది. ఆయన చెంచాతో దాన్ని తీసి సాసర్లో పెట్టి, లేచి, తలుపు వేసి వచ్చాడు.

"కూర్చో కస్తూరీ. కూర్చోవా? సరే, నిలబడే విను. చేపలు తెప్పించింది నేనే. కొర్రమీను పిల్లలు. ఈ దేశంలో అవి ఉంచుకోవడమే నేరం, అందుకని రంగు చేపల పెట్టెలో వేరే పేరుతో వచ్చాయి. మొత్తం అరవై మంది. ముప్పై మందికి చేప, ముప్పై మందికి బెల్లం. చేపలున్న నీళ్లు ల్యాబ్‌కి పంపించాను. బాక్టీరియా లేదన్నారు. పురుగు సంగతి నాకు తట్టలేదు. ఊపిరితిత్తుల డాక్టర్ని, ఊపిరితిత్తుల గురించే ఆలోచించాను.

"ఎందుకు చేశానంటావా? నాకు ఏడేళ్లప్పుడు మా అమ్మ నన్ను భుజాన వేసుకుని హైదరాబాద్‌లో పద్నాలుగు గంటలు లైన్లో నిలబడింది. ఆ చేప నా గొంతులో తోక కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తే. ఆ ఏడాది నుంచి నాకు ఉబ్బసం లేదు. చాలామంది పిల్లలకి వయసుతో పాటు దానంతటదే తగ్గిపోతుందని ఏటా స్టూడెంట్లకి చెప్తాను. చెప్పిన ప్రతిసారీ మా అమ్మని అబద్ధాలకోరు అంటున్నట్టే ఉంటుంది. రిటైరయ్యేలోపు తేల్చుకుందామనుకున్నాను. పర్మిషన్ అడిగితే ఏ కమిటీ ఇస్తుంది? అడగలేదు. తేలింది కూడా. రెండు గుంపులకీ తేడా ఏమీ లేదు. బెల్లం తిన్నవాళ్లే ఓ పిసరు ఎక్కువ ఊదారు.

"రఘు మూడో నంబరు. పోస్ట్‌మార్టం రిపోర్టు నీతోపాటే నేనూ చదివాను. ఆ రోజే నోరు విప్పాల్సింది. కాలువలు, రొయ్యలు అన్నాను. నాలుగు రోజులు పోతాయని తెలిసే అన్నాను. ఈలోగా ఏదో వంక చెప్పి అందరికీ నేనే మాత్రలు ఇచ్చేద్దామనుకున్నాను. ఎనిమిది మందికి ఇచ్చాను. మిగతావాళ్లకి వంక దొరకలేదు. నువ్వు పారాసిటమాల్ ఇచ్చి పంపడం తప్పు కాదు. నీకు తెలియదు. నాకు తెలుసు.

"ఇదిగో, ఈ నోట్‌బుక్‌లో అందరూ ఉన్నారు. పేరు, ఫోను, అడ్రసు. బేసి నంబర్లు ఎర్ర ఇంకు. మొదటి నుంచి మొదలుపెట్టకు. ముందు నలభై ఒకటికి చెయ్యి. అనూష అని, యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. నిన్న సాయంత్రం ఫోన్ చేసి, ఎడమ కంట్లో సన్నటి దారంలాంటిదేదో ఈదుతోంది సార్ అంది. హే ఫీవర్, పుప్పొడి ఎలర్జీ అయ్యుంటుందమ్మా, పడుకుంటే తగ్గిపోతుందన్నాను. అంటున్నప్పుడే నాకు తెలుసు అది కాదని."