మెత్తని ఇనుము

పూతలపట్టు దాటగానే రోడ్డు పక్కన ఉన్న దామోదరం నర్సరీలో, మామిడి అంటు కట్టే వేళ ఎవరూ మాట్లాడరు. టెంక మొక్క తల కోయడం, మోడును చీల్చడం, మంచి చెట్టు పుల్లను ఉలిమొనలా చెక్కి ఆ చీలికలో దించడం, పట్టీ చుట్టడం. చేతులే కదులుతాయి. మడతకత్తి పట్టుకుని అబద్ధమాడితే దాని పదును పోతుందని అక్కడ అందరికీ తెలుసు. కబుర్లన్నీ సద్ది మూట విప్పిన తరువాతే.

ఏ ఉక్కు ఎంత ఓర్చుకుంటుందో కూడా తెలుసు. కుప్పమ్మది లారీ కమాను పట్టాతో చేసిన కత్తి. ఎనభై మొక్కల దాకా పదును నిలుపుతుంది, రెండు అబద్ధాలను ఓర్చుకుంటుంది. "మా ఆయన దీన్ని పట్టుకోని తాగలేదన్నాడంటే, మూడో మాటకు దోసకాయ గూడా తెగదు" అంటుందామె. రెబెకాది తల్లి ఎస్తేరు పోతూ పోతూ ఇచ్చిన కత్తి, ఎద్దులబండి చక్రపు పట్టా ఇనుము. ఇరవై మొక్కలకే సానరాయి అడుగుతుంది, ఒక్క అబద్ధాన్నీ ఓర్చుకోదు. మేస్త్రీ మునిప్రసాద్ ఫోనులో తెప్పించుకున్న జర్మనీ ఉక్కు కత్తి మాత్రం మూడు వందల మొక్కల తరువాత కూడా ముంజేతి వెంట్రుకలను గొరుగుతుంది.

ఆ ఉదయం రెబెకా బతుకు ఆ కత్తుల మీద నిలిచింది. ఆమె కట్టిన ఆరు వందల బేనీషా రకం మామిడి అంటుమొక్కలు మాడిపోయాయి. తప్పు ఆమెదేనని తేలితే ఆ దారిలో మరే నర్సరీ ఆమెను పనిలోకి రానివ్వదు.

"పుల్లలు ఎప్పుడు కోసినావప్పా?" అని యజమాని దామోదరం మేస్త్రీని అడిగాడు.

మునిప్రసాద్ కత్తి విప్పి పట్టుకున్నాడు. "అంటు కట్టిన పొద్దున్నే సార్. పచ్చివే ఇచ్చినా. ఈ పాపకే కట్టేది రాలేదు."

కత్తిని ముంజేతి మీద ఆనించాడు. వెంట్రుకలు దూదిలా రాలాయి.

"నువ్వు సెప్పు" అన్నాడు దామోదరం.

రెబెకా పొద్దున్నుంచి ఇరవై రెండు మొక్కలు కట్టిన కత్తి ఆమె చేతిలోనే ఉంది. "నేను బాగానే కట్టినాను సార్. పుల్లలే ఎండిపోయి ఉండినాయి."

దామోదరం ఆ కత్తిని తీసుకుని కాగితం మీద లాగాడు. కాగితం తెగలేదు, చినిగింది. కుప్పమ్మ తల దించుకుంది.

"సూసినారా సార్? ఇనుముకే సిగ్గేసింది" అని నవ్వాడు మేస్త్రీ.

కత్తి అలసింది పనికే గాని మాటకు కాదు. ఎవరు నమ్ముతారు? ఆమె చూపు మేస్త్రీ ముంజేతి మీద నున్నగా మిగిలిన జాగాపై ఆగింది.

"సార్, కుప్పక్క కత్తి రెండు అబద్ధాలు ఓర్చుకుంటాది. మేస్త్రీ కత్తి ఎన్ని ఓర్చుకుంటాదో ఎవురన్నా సూసినారా?"



రెబెకా తన కత్తిని దామోదరం దగ్గర అడిగి తీసుకుని, సానరాయి తడిపి, అందరి ఎదుటా నూరింది. "పుల్లలు ఎండిపోయి ఉండినాయి" అని మళ్లీ చెప్పి కాగితం మీద పెట్టింది. ఈసారి గీత గీసినట్టు తెగింది. పిడి వైపు తిప్పి మేస్త్రీకి చాచింది.

"దీన్ని పట్టుకోని సెప్పన్నా."

"నాకు కత్తి లేకనా? ఈ తుప్పుముక్క నాకెందుకు?"

"పట్టుకో" అన్నాడు దామోదరం.

మునిప్రసాద్ తన కత్తిని బల్ల చివర పెట్టి, దాన్ని పట్టుకున్నాడు. "ఆ పొద్దున్నే కోసినా సార్."

దామోదరం పచ్చి మామిడి పుల్ల అందించాడు. కత్తి బెరడు మీద జారింది. గట్టిగా అదిమితే బెరడు నలిగి జీడి కారింది గాని పుల్ల తెగలేదు.

మేస్త్రీ కత్తిని బల్ల మీద పెట్టేశాడు. "బామ్మర్ది పెండ్లికి పోయింటి సార్. కోసిన పుల్లలు మూడు దినాలు గోతంలోనే ఉండిపోయినాయి."

దామోదరం టెంక మొక్కల తట్టను రెబెకా ముందుకు జరిపాడు. ఆమె వెంటనే అందుకోలేదు. ఇంకొకరి అబద్ధానికి మొద్దుబారిన తల్లి కత్తిని తీసుకుని, సానరాయి మీద మళ్లీ నీళ్లు చిలకరించింది.

బల్ల చివర జర్మనీ కత్తి ఏమీ ఎరగనట్టు, అంతే పదునుతో మెరుస్తూ ఉంది. ఆ రోజు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.